గుత్త చేను, సొంత చేను: ఒకే రైతు చేతిలో రెండు నేలలు

నేపథ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని వర్షాధార భూముల్లో మట్టి నమూనాలు తీయించి, ఫలితాలను బట్టి ఎరువుల సలహా ఇవ్వడం చాలా ఏళ్ళుగా నా పని. ఇక్కడ రాస్తున్నది ఆ పనిలో ఎదురైన ఒక కేసు. ఊరి పేరు, రైతు పేరు, భూ యజమాని వివరాలు కావాలనే వదిలేశాను. వాళ్ళను గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు చిన్న వివరాలు కూడా మార్చాను. సంవత్సరాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఆ ఏళ్ళలో పడిన వానలు, వచ్చిన చట్టం, జరిగిన సంఘటనలు లేకుండా ఈ కేసు అర్థం కాదు.

ఆ ఊరి నేలలు ఈ జిల్లాలో ఎక్కువగా కనిపించే ఎర్ర నేలలే. ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ, చాలాచోట్ల మూరెడు లోతు తవ్వితే గరుసు తగులుతుంది. ఒక జల్లు పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కింద మొలక చిక్కుకుంటుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కాబట్టి, పడిన నీటిని నేల ఎంతసేపు పట్టి ఉంచుతుందన్నదే ఇక్కడి సేద్యం మొత్తాన్నీ నిర్ణయిస్తుంది. ఆ పట్టు ఇచ్చేది బంకమన్ను, సేంద్రియ పదార్థం. మొదటిది ఈ నేలల్లో పుట్టుకతోనే తక్కువ, రెండోది మనుషులు వేస్తేనే ఉంటుంది.

ఒకప్పుడు ఈ నేలల్లో కొర్ర, జొన్న, ఉలవ, కంది, ఆముదం కలగలిసి పండేవి. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలుపెట్టాక వేరుశనగ విస్తరణ ఊపందుకుంది. రాయితీ విత్తనమూ పంట బీమా ప్రధానంగా వేరుశనగ చుట్టూనే తిరగడంతో, ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఈ ఒక్క పంటే కనిపించేది. వేరుశనగ పప్పుజాతి పంట కాబట్టి నేలకు మేలు చేస్తుందని పుస్తకాల్లో చదువుకున్నాం. అయితే ఆ మేలు చేసే వేరును కాయతో సహా పెరికేస్తాం, కట్టెను, అంటే కాయ కోశాక మిగిలే తీగను, పశువుల మేతకు తోలేస్తాం. చేనులో మిగిలేది రాలిన ఆకు, తెగిన పీచువేళ్ళు, అంతే. అనంతపురంలో ఇరవై ఏళ్ళపాటు నడిచిన దీర్ఘకాలిక ప్రయోగం ప్రకారం, వరసగా వేరుశనగ వేసే ఈ ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం ఉన్నచోట ఉండాలన్నా హెక్టారుకు ఏడాదికి 1.12 టన్నుల కర్బనం తిరిగి చేరాలి. ఎకరాకు లెక్కేస్తే అది సుమారు 450 కిలోలు. రాలిన ఆకుతో ఆ లెక్క తీరదు.

వచ్చిన సమస్య

2018 ఖరీఫ్ ముగిశాక ఒక గుత్త రైతు, అంటే ఇంకొకరి చేనును కౌలుకు చేసేవాడు, నా దగ్గరకు వచ్చాడు. అతను దళిత కుటుంబానికి చెందినవాడు. ఊరి గుట్ట వాలులో రెండెకరాల డి.కె.టి. పట్టా (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) ఉంది. అది చాలక, బెంగళూరులో స్థిరపడిన ఒక కుటుంబానికి చెందిన తొమ్మిదెకరాల చేనును గుత్తకు చేస్తున్నాడు. ఆ ఏడు కరువు. ఊరంతా నష్టపోయింది, అతనూ నష్టపోయాడు. అయినా అతని ఫిర్యాదు కరువు మీద కాదు. గట్టుకు అవతల ఉన్న సొంతదారు చేనులో కొద్దో గొప్పో కాయ నిండిందనీ, తన చేనులో పీకిన ప్రతి చెట్టుకూ సగం పొల్లేననీ, రెండూ ఒకే నేల అయినప్పుడు ఇది ఎందుకు జరిగిందో చెప్పమనీ అడిగాడు. చేతిలో భూసార పరీక్ష కార్డు కూడా ఉంది.

ఆ కార్డు ఆ చేను గురించి ఏమీ చెప్పలేదు. 2015లో మొదలైన ఆ పథకంలో వర్షాధార ప్రాంతాల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీసి, ఆ పరిధిలోని రైతులందరికీ అదే ఫలితం ఇచ్చారు. కాబట్టి గట్టుకు ఇవతలి చేనుకూ అవతలి చేనుకూ కార్డులో ఒకే అంకెలు ఉన్నాయి. విస్తీర్ణం లెక్కన నేలను చూస్తే ఆ పద్ధతి సబబే, రాయి ఒకటే, వాలు ఒకటే. ఆ రెండు చేల మధ్య ఉన్న తేడా మాత్రం గట్టు దగ్గర మొదలవుతుంది. ఆ గట్టు యాజమాన్యపు గట్టు.

అందుకే రెండు చేలలోనూ విడివిడిగా నమూనాలు తీయించాను. చేనుకు పది చోట్ల ఆరంగుళాల లోతున గుంట తీసి, మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చే మామూలు పద్ధతే పాటించాం. గుత్త చేనులో సేంద్రియ కర్బనం 0.24 శాతం, సొంతదారు చేనులో 0.47 శాతం వచ్చింది. 0.5 కంటే తక్కువ ఉన్నదాన్ని తక్కువగానే లెక్కగడతాం కాబట్టి కార్డు భాషలో రెండు చేలూ ఒకే వర్గం. పంట భాషలో ఒకటి మరొకదానికి రెట్టింపు. గుత్త చేనులో గంధకం, జింకు కూడా కీలక స్థాయికి కిందనే ఉన్నాయి.

మొదటి ఏడాది ప్రయత్నాలు

పొల్లు కాయలకు కారణం వెతకడం కష్టం కాలేదు. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది, వేరు తెచ్చిన కాల్షియం ఊడ (పూత నుంచి నేలలోకి దిగి చివర కాయ కట్టే కాడ) కిందికి సరిగా చేరదు. ఊడలు దిగే వేళకు పై మట్టిలో కాల్షియం, తేమ రెండూ లేకపోతే గింజ కట్టదు. ఎకరాకు 200 కిలోల జిప్సం, 20 కిలోల జింకు సల్ఫేటు, నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయమని రాసిచ్చాను.

2019 ఖరీఫ్‌లో అతను జిప్సం పూర్తిగా వేశాడు, జింకు సగం చేనుకు వేశాడు, పశువుల ఎరువు ఒక్క బండి కూడా తోలలేదు. జిప్సం వేసినందుకు ఆ ఏడే కాయ నిండింది. అది చూసి నేను తొందరపడ్డాను. ఒక సలహా పాటించి లాభం చూసిన రైతు మిగతావి పాటించకపోవడానికి అవగాహన లేకపోవడమే కారణమనుకొని, ఊళ్ళో సమావేశం పెట్టి సేంద్రియ కర్బనం గురించి గంటసేపు చెప్పాను. సమావేశం చివర అతను మర్యాదగానే ఒక మాట అన్నాడు: “ఎరువు తోలేది నేనయితే, తినేది ఇంకొకరు సార్. వచ్చే ఉగాదికి కూడా ఈ చేను నా చేతిలోనే ఉంటాదని మీరు రాసిస్తారా?”

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. ఎరువు కొనే స్తోమత లేదని దాన్ని అర్థం చేసుకొని, ఖర్చు తక్కువ మార్గాలు వెతికాను. పచ్చిరొట్ట ఎరువుగా నేలలో కలియదున్నడానికి జనుము విత్తనం ఇప్పించాను. వానపాముల ఎరువుకు ఒక తొట్టి కట్టించాను. రెండూ విఫలమయ్యాయి, రెండింటి వైఫల్యానికీ బాధ్యత నాదే. ఆ ఏడు జూన్, జూలైలలో వానలు సరిగా లేవు. పడిన ఒక్క పదునూ జనుముకు పెడితే వేరుశనగ విత్తడానికి పదును మిగలదు. పైగా దాన్ని కలియదున్నడానికి ట్రాక్టరు బాడుగ అదనం. నీటి వసతి ఉన్న కోస్తా మాగాణుల్లో పనికొచ్చే పద్ధతిని మెట్టకు తెచ్చి పెట్టాను. వానపాముల తొట్టికి రోజూ తడి కావాలి. ఆ ఇంటి ఆడవాళ్ళు తాగే నీళ్ళకే ట్యాంకరు దగ్గర వరసలో నిలబడుతుంటే తొట్టి మీద ఎవరు చల్లుతారు? రెండు నెలల్లో అది ఎండిపోయింది.

కారణాన్ని మళ్ళీ వెతకడం

తొట్టి ఎండిపోయిన సంగతి చూడడానికి అతని ఇంటికి వెళ్ళిన రోజు, ఇంటి వెనక దిబ్బ ఖాళీగా కనిపించింది. రెండు ఆవులు, ఆరేడు మేకలు ఉన్న ఇంట్లో దిబ్బ ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే, ఎరువంతా గుట్ట వాలులోని తన రెండెకరాలకు తోలానన్నాడు. ప్రతి ఏడూ అక్కడికే తోలతాడట. మర్నాడు ఆ రెండెకరాలు చూశాను. ఎక్కడ పార వేసినా గరుసే. ఊళ్ళో ఎవరూ కోరని భూమి కాబట్టే పట్టాగా పంచడానికి అది మిగిలి ఉంటుంది. అయినా వాలుకు అడ్డంగా రాళ్ళ కట్టలు పేర్చి ఉన్నాయి, కంది సాళ్ళ కింద ఆకు పొరగా రాలి ఉంది. నమూనా తీయిస్తే సేంద్రియ కర్బనం 0.41 శాతం వచ్చింది. అంటే ఊళ్ళో పనికిరాని నేల, అతను గుత్తకు చేసే మంచి నేల కంటే బలంగా ఉంది.

ఈ కేసులో నా ఆలోచన మలుపు తిరిగింది ఇక్కడే. రైతు ఒక్కడే, తెలివి ఒకటే, పశువులు అవే. తెలియకపోవడమే కారణమైతే రెండు చేలూ ఒకేలా చెడాలి. పేదరికమే మొత్తం కారణమైతే గుట్ట చేనుకు ఎరువు వెళ్ళకూడదు. మిగిలిన తేడా ఒక్కటే: ఒక చేను తనది, రెండోది ఉగాది నుంచి ఉగాది వరకే తనది. జిప్సం ఖర్చు ఆరు నెలల్లో తిరిగి వస్తుంది, అందుకే వేశాడు. పశువుల ఎరువు మొదటి ఏడు కొంత, రెండో ఏడు మరికొంత, మూడో ఏడు ఇంకొంత ఇస్తుంది, అందుకే వేయలేదు. అతని లెక్కలో తప్పు లేదు. తప్పు నా సలహాలో ఉంది, ఎందుకంటే మూడేళ్ళ పెట్టుబడిని ఒక ఏడాది హక్కు ఉన్నవాడికి రాసిచ్చాను.

దాంతో మట్టిని పక్కనపెట్టి, డబ్బు ఎప్పుడు ఎటు కదులుతుందో రాసుకోవడం మొదలుపెట్టాను. గుత్త మొత్తం ఉగాదికే, పంటకు ముందే, చేతికివ్వాలి. ఆ డబ్బుకు అప్పు. విత్తనానికి, ఎరువుకు మండల కేంద్రంలోని ఒక దుకాణంలో ఖాతా, పంట వచ్చాక కాయ అక్కడికే. దుకాణంలో అప్పు మీద దొరికేది డి.ఎ.పి., కాంప్లెక్సు బస్తాలు. సూపర్ ఫాస్ఫేటులో భాస్వరంతో పాటు కాల్షియం, గంధకం కూడా ఉంటాయి. బరువు ఎక్కువ, లాభం తక్కువ కాబట్టి దుకాణదారు దాన్ని తెచ్చిపెట్టడు. డి.ఎ.పి.లో నత్రజని, భాస్వరం తప్ప ఆ రెండూ రావు. ఏళ్ళ తరబడి అలా వేసిన చేనులో గంధకం అడుగంటడంలో ఆశ్చర్యం లేదు. పశువుల ఎరువును అప్పు మీద అమ్మేవారు లేరు. చేనులో ఏ పోషకం పడాలో నిర్ణయిస్తున్నది పంట అవసరం కాదు, ఏది ఖాతాలో దొరుకుతుందన్న సంగతి. వేరుశనగ కట్టె సంగతీ ఇంతే. అప్పు వాయిదాకు డబ్బు చేతికి రావాలంటే కట్టెను పాడి పెంచేవాళ్ళకు అమ్మాల్సిందే. అమ్మిన కట్టెతో పాటు ఆ చేను ఎరువు కూడా ఊరు దాటిపోతుంది.

పక్కనున్న సొంతదారు చేను బలంగా ఉండటానికి కారణం కూడా ఈ లెక్కలోనే దొరికింది. ఆయన పెద్ద ధనికుడేమీ కాదు. ఆయన బంధువులకు గొర్రెలున్నాయి, రెండేళ్ళకోసారి చేనులో మంద పెట్టిస్తాడు, అంటే ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెలను చేనులోనే ఉంచుతారు. గట్టు తెగితే ఉపాధి హామీ పని కింద వేయించుకున్నాడు. గుత్త చేనుకు గట్టు పని అడిగితే పాస్‌పుస్తకం, యజమాని సంతకం కావాలన్నారు. యజమాని బెంగళూరులో ఉన్నాడు. తెగిన గట్టు మూడేళ్ళుగా అలాగే ఉంది, ప్రతి వానకూ పై మట్టి అక్కడి నుంచే వంకలోకి పోతోంది.

ఒప్పందం

2020 ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. పండుగకని ఊరికి వచ్చిన యజమాని కుటుంబం రెండు నెలలకు పైగా ఊళ్ళోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన రోజూ సాయంత్రం తన చేను గట్టు మీద నడిచాడు. ఆ నడకలు లేకపోతే నా ప్రయత్నం ముందుకు సాగేది కాదని ఒప్పుకోవాలి. తెగిన గట్టును ఆయనే స్వయంగా చూశాడు. రెండు చేల మట్టిని రెండు గాజు గ్లాసుల నీళ్ళలో వేసి చూపించాను. గుత్త చేను పెళ్ళ వెంటనే విచ్చిపోయి నీళ్ళు ఎర్రబారాయి, పక్క చేను పెళ్ళ చాలాసేపు నిలిచింది. కర్బనం శాతాల కంటే ఆ గ్లాసులే ఆయనతో ఎక్కువ మాట్లాడాయి.

ఎక్కువ ఏళ్ళకు ఇస్తే భూమి చేజారుతుందన్నది ఆయన భయం. అది నిరాధారమైన భయమని కొట్టిపారేయలేను, కౌలు చట్టాల గురించి తరాలుగా విన్న మాటలు ఆ ఇంట్లో ఉన్నాయి. ఇక్కడ 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఉపయోగపడింది. దాని కింద యజమాని సమ్మతితో 11 నెలల ఒప్పందం రాసుకుంటారు, సాగుదారుకు పంట మీదే హక్కు, భూమి మీద కాదు. ఆ స్పష్టత యజమానికి ధైర్యమిచ్చింది, రైతుకు సాగుదారు హక్కు కార్డు వచ్చింది. నేల వైపు నుంచి చూస్తే మాత్రం 11 నెలలు ఏ మూలకూ చాలవు. దిబ్బ ఎరువు పూర్తిగా కుళ్ళి మట్టిలో కలవకముందే హక్కు ముగుస్తుంది. అందుకని ఏటా కార్డు కొత్తగా రాసుకుంటూనే, ఊరి పెద్దల సమక్షంలో మూడేళ్ళ మాట ఒకటి తెల్లకాగితం మీద రాయించాం.

ఆ కాగితంలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, గుత్తలో సగం ఉగాదికి, సగం కాయ అమ్మాక. రెండోది, గట్టు పనికి యజమాని సంతకం పెట్టి పాస్‌పుస్తకం నకలు ఇవ్వాలి. మూడోదాని మీదే ఎక్కువ వాదన జరిగింది. చేనుకు తోలిన ప్రతి ఎరువు బండినీ, పెట్టించిన ప్రతి మంద రాత్రినీ ఒక నోటు పుస్తకంలో రాయాలి. యజమాని గడువుకు ముందే చేను వెనక్కి తీసుకుంటే, వాడుకోకుండా మిగిలిన సారానికి వెల కట్టి ఇవ్వాలి. పశువుల ఎరువుకు మూడేళ్ళ ఆయుష్షు లెక్కగట్టాం, చెరువు మట్టికి ఆరేళ్ళు. ఈ ఆయుష్షులు ప్రయోగశాల తేల్చినవి కావు, పెద్దలు కూర్చొని ఒప్పుకున్నవి. ఇద్దరూ ఒప్పుకునే ఒక లెక్క ఉండటమే అక్కడ అవసరం.

ఆ మే నెలలో చెరువు ఎండి ఉంది. మట్టిని ముందు పరీక్షించి, చౌడు లేదని తేలాకే నాలుగెకరాలకు తోలించాం. తొమ్మిదెకరాలకూ తోలే డబ్బు లేదు. మిగిలిన ఐదెకరాల్లో మంద పెట్టించాం. మంద పెడితే పెంటికలతో పాటు మూత్రం కూడా నేలలోనే ఇంకుతుంది, దిబ్బలో ఎండి ఆవిరయ్యే నత్రజని ఇక్కడ కొంతైనా మిగులుతుంది, బండి బాడుగ ఉండదు. పూర్వం మందకు ధాన్యం కొలిచేవారు, ఇప్పుడు రాత్రికి ఇంతని డబ్బు. గొర్రెల కాపరులతో బేరం చేసింది రైతు భార్య. ఆమె పొదుపు సంఘం నుంచి తెచ్చిన అప్పుతోనే అది సాధ్యమైంది. దుకాణం ఖాతాలో దొరకని ఎరువు సంఘం అప్పుతో దొరికింది. వేరుశనగ సాళ్ళ మధ్య కంది, అలసంద వేయించాం. కంది ఆకు రాలుతుంది, దాన్ని అమ్మేవారూ కొనేవారూ లేరు కాబట్టి అది చేనులోనే ఉండిపోతుంది.

మూడేళ్ళ తర్వాత

2023 ఉగాదికి ముందు మళ్ళీ నమూనాలు తీశాం. చెరువు మట్టి తోలిన నాలుగెకరాల్లో కర్బనం 0.31 శాతం, మంద పెట్టిన ఐదెకరాల్లో 0.27 శాతం వచ్చింది. రెండో అంకెను మెరుగుదలగా చెప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను, నమూనా తీయడంలో వచ్చే తేడాయే అంత ఉండవచ్చు. మొదటి అంకెను కొంత నమ్ముతాను, అది కూడా చెరువు మట్టితో పాటే వచ్చిన కర్బనం కావచ్చు. కాబట్టి అంకెల కంటే చేనులో కనిపించినవాటికి ఎక్కువ విలువ ఇస్తున్నాను. పెచ్చు పలచబడింది, మొలకలు ఒకేసారి పైకి వచ్చాయి, గట్టు దగ్గర వంకలోకి పోయే నీరు ముందులా ఎర్రగా లేదు. దిగుబడి పెరిగింది, కానీ ఆ పెరుగుదలను ఇక్కడ రాయడం లేదు. 2020 నుంచి 2022 వరకు జిల్లాలో వానలు బాగా పడ్డాయి, ఏది వాన చలవో ఏది మట్టి చలవో ఒక్క చేనును చూసి విడదీయలేను.

ఆ మంచి వానలే ఒక చిక్కు కూడా తెచ్చాయి. చెరువు నిండింది కాబట్టి మిగిలిన ఐదెకరాలకు మళ్ళీ మట్టి దొరకలేదు. అంతకంటే పెద్ద చిక్కు 2023 ఉగాదికి వచ్చింది. చేను బాగుపడిందని చూసిన మరొక రైతు ఎక్కువ గుత్త ఇస్తానన్నాడు. యజమాని గుత్త పెంచమన్నాడు. మూడేళ్ళ చెమట ఫలితం అద్దె రూపంలో యజమానికి చేరబోతోంది. ఈ సంగతి నేను ముందే ఊహించి ఉండాల్సింది. గడువు తీరాక ఏమిటన్నది కాగితంలో రాయించలేదు.

అప్పుడు పనికొచ్చింది నోటు పుస్తకం. చెరువు మట్టికి ఇంకా మూడేళ్ళ ఆయుష్షు మిగిలి ఉందని, దాని వెల ఇంతని రైతు పెద్దల ముందు పెట్టాడు. గడువు ముందు తీసుకుంటేనే వెల ఇవ్వాలని కాగితంలో ఉంది కదా అని యజమాని అన్నాడు, ఆ మాట అక్షరాలా నిజం. అయినా ఆరేళ్ళ ఆయుష్షుకు ఒప్పుకున్నది ఆయనే కాబట్టి, పెద్దలు మధ్యేమార్గం చూశారు. గుత్త కొంత పెరిగింది, అవతలివాడు ఇస్తానన్నంత పెరగలేదు, ఒప్పందం మరో మూడేళ్ళకు సాగింది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఒక్క చేను అనుభవంతో జిల్లా అంతటికీ సూత్రం చెప్పలేను. ఇక్కడ యజమాని ఊళ్ళో ఉండిపోవడం, ఊళ్ళో మాట చెల్లే పెద్దలుండటం, సంఘం అప్పు దొరకడం కలిసొచ్చాయి. ఇవి లేనిచోట ఏం చేయాలన్నది నాకింకా తేలని ప్రశ్న. అయినా నేల పరీక్ష ఫలితాన్ని చదివే తీరు మాత్రం మారింది. తక్కువ కర్బనం కనిపిస్తే ముందుగా హక్కు ఎన్నేళ్ళదో అడుగుతాను. ఏడాది గుత్త అయితే ఆ ఏడే ఫలితమిచ్చే జిప్సం, జింకు, సూపర్ ఫాస్ఫేటు వరకే రాసిస్తాను. మూడేళ్ళ సలహాను రైతు ఒక్కడికే కాక యజమానికి కూడా వినిపించే ఏర్పాటు చేస్తాను. గంధకం తక్కువ ఉంటే, వేసే బస్తా ఎవరు ఎంచుకుంటున్నారో తెలుసుకున్నాకే మాట్లాడతాను.

నమూనా సంచిలో పెట్టే చీటీలో సర్వే నెంబరు, పంట, నీటి వసతి రాసే గళ్ళు ముందు నుంచే ఉన్నాయి. వాటి కింద నేను మరో నాలుగు గళ్ళు చేర్చాను: చేను ఎవరిది, గుత్త ఎన్నేళ్ళకు, గుత్త డబ్బు పంటకు ముందా తర్వాతా, కట్టె ఎటు పోతోంది. ఈ నాలుగూ నింపని సంచిని మా కుర్రవాళ్ళు ఇప్పుడు ప్రయోగశాలకు పంపడం లేదు. ఆ తొమ్మిదెకరాల్లో మంద పెట్టిన భాగం నుంచి 2026 ఉగాదికి ముందు మళ్ళీ నమూనా తీయాలని నోటు పుస్తకం ఆఖరి పేజీలో రైతు భార్య రాసిపెట్టింది.